పస్తులున్న కుక్క కాదమ్మా, పరుగుల రాణి!

"కుక్కనైతే తెచ్చుకున్నరు గానీ, దానికింత బువ్వ పెడ్తలేరా బిడ్డా? బొక్కలు తేలినయి సూడు!"

మా వీధి చివర ఉండే అవ్వ నన్ను అడిగిన మొదటి మాట ఇది. ఆవిడ ఒక్కతే కాదు. పాలబ్బాయి అడిగాడు, గ్యాసు బండ తెచ్చిన కుర్రాడు అడిగాడు, పెళ్ళిపత్రిక ఇవ్వడానికొచ్చిన మా ఆడపడుచు కూడా అడిగింది. పొడుగాటి కాళ్ళు, లోపలికి పోయిన పొట్ట, లెక్కపెట్టగలిగేలా కనిపించే పక్కటెముకలు, సన్నని మూతి. మొదటిసారి చూస్తే ఎవరికైనా అలాగే అనిపిస్తుంది. కడుపునిండా తిన్నా ఈ జాతి ఇలాగే ఉంటుందని ఎన్నిసార్లు చెప్పానో లెక్కలేదు. మీరు కూడా అడుగుతారనే ముందుగా చెప్పేస్తున్నాను. దానికి రెండుపూటలా తిండి పెడుతున్నామండీ!

మేము ఉండేది మేడ్చల్ నుంచి శామీర్‌పేట వెళ్ళే వైపు. ఒకప్పుడు ద్రాక్షతోటలూ జొన్నచేలూ ఉన్న ఈ చుట్టుపక్కల ఇప్పుడు తోట ఇళ్ళు, ఫాంహౌసులు ఎక్కువయ్యాయి. ఫాంహౌసు అనగానే కాపలాకి కుక్క కావాలంటారు. అందులోనూ చూడ్డానికి దర్జాగా ఉండే జాతికుక్క కావాలంటారు. అలా తెచ్చి, అక్కరకు రాలేదని వదిలేసిన కుక్కే మా ఇంటి కుక్క. అలాంటి కుక్కని ఇంట్లో పెంచాలనుకునే అక్కచెల్లెళ్ళకు నాకు తెలిసిన నాలుగు మాటలు చెబుదామనే ఈ వ్యాసం. మంచీ చెబుతాను, చెడూ చెబుతాను.

వాసనతో కాదు, చూపుతో

మామూలుగా కుక్క అంటే ముక్కు నేలకానించి వాసన పట్టుకుంటూ పోతుందని మనకు తెలుసు. ఈ జాతులు అలా కాదు. దూరాన కదిలేదాన్ని కంటితో చూసి, వెంటపడి, పరుగుతోనే పట్టుకుంటాయి. వీటిని ఇంగ్లీషులో సైట్‌హౌండ్లు అంటారు. మనం 'చూపు వేటకుక్కలు' అనుకోవచ్చు. మూతి సన్నగా, తల ఇరుకుగా ఉండి కళ్ళు కాస్త పక్కలకు ఉంటాయి కాబట్టి మనకంటే చాలా వెడల్పుగా చూడగలవు. ఛాతీ లోతుగా ఉంటుంది. గుండె, ఊపిరితిత్తులు పెద్దవి. నడుము సన్నం. పూర్తి వేగంతో పరుగెత్తేటప్పుడు ఒక్కో అంగలో రెండుసార్లు నాలుగు కాళ్ళూ గాల్లోనే ఉంటాయి. వీటిలో అన్నిటికంటే వేగమైన గ్రేహౌండ్ గంటకు 65 - 70 కిలోమీటర్ల వేగం అందుకుంటుంది.

మన తెలుగువాళ్ళకు గ్రేహౌండ్స్ అంటే 1989లో ఏర్పడిన పోలీసు దళమే గుర్తొస్తుంది. ఆ పేరు ఈ కుక్కదే.

విదేశాల్లో సలూకి, అఫ్గాన్ హౌండ్, విప్పెట్ ఈ కోవలోవే. మన దేశంలోనూ తక్కువేం లేవు. ఉత్తరాన రాంపూర్ హౌండ్, తమిళనాట చిప్పిపారై, కన్ని, రాజపాళయం. రాజపాళయం పేరు చెప్పగానే మనకు కాస్త చుట్టరికం కూడా ఉంది. విజయనగర కాలంలో అటు వలసపోయిన తెలుగు రాజుల కుటుంబాలు ఇప్పటికీ ఆ ఊళ్ళో ఉన్నాయి. తెల్లని తెలుపులో ముచ్చటగా ఉండే ఆ కుక్కల్లో కొన్ని పుట్టుచెవుడుతో పుడతాయి. కొనేముందు పిల్ల వెనక నిలబడి చప్పట్లు కొట్టి చూడమని తెలిసినవాళ్ళు చెప్పేది అందుకే.

ఇక మన దక్కను నేలకు బాగా తెలిసింది ముధోల్ కుక్క. మన నిర్మల్ జిల్లాలో బాసర దగ్గర ఒక ముధోల్ ఉంది కదా, అది కాదు. కర్ణాటకలో బాగల్‌కోట జిల్లాలోని ముధోల్. అక్కడి ఘోర్పడే వంశపు సంస్థానాధీశులు ఈ జాతిని చేరదీసి నిలబెట్టారు. దీన్నే కారవాన్ హౌండ్ అని, కర్వానీ అని కూడా అంటారు. బిడారు వర్తకుల వెంట పడమటి దేశాలనుంచి వచ్చిన కుక్కల సంతతి అని చెప్పుకుంటారు. హైదరాబాదులో కార్వాన్ అనే పేట ఉంది చూడండి, వర్తకుల బిడారులు దిగిన చోటు. కుక్క పేరులోనూ, పేట పేరులోనూ ఉన్నది ఒకటే మాట.

2005 జనవరిలో తపాలా శాఖ మన దేశపు కుక్కలమీద నాలుగు బిళ్ళలు వేస్తే అందులో ముధోల్, రాంపూర్, రాజపాళయం మూడూ ఉన్నాయి. 2016లో మీరట్‌లోని సైనిక కేంద్రానికి ముధోల్ పిల్లల్ని తీసుకెళ్ళి తర్ఫీదు ఇచ్చారు. 2020 ఆగస్టులో ప్రధాని తన రేడియో ప్రసంగంలో మన దేశపు జాతులను పెంచుకోమని చెబుతూ వీటి పేర్లు చెప్పారు. పేరు రావడం మంచిదే. కానీ పేరు విని తెచ్చుకునేవాళ్ళందరూ గుణం తెలుసుకుని తెచ్చుకోరు కదా! చిక్కంతా అక్కడే ఉంది.

మొరగని కుక్క

మూడేళ్ళ కిందట సంక్రాంతి వెళ్ళిన వారం. తెల్లవారుజామున ముగ్గు వేద్దామని గేటు తీస్తే, మెట్ల పక్కన ముడుచుకుని పడుకుని ఉంది. తేనెరంగు ఒళ్ళు, మెడకు తెగిన తాడు. ఒళ్ళంతా గోమార్లు. చలికి వణుకుతోంది. ఎదురు తిరగలేదు, తోకా ఊపలేదు. పెద్ద పెద్ద కళ్ళతో నావంక చూసి మళ్ళీ మొహం తిప్పేసుకుంది.

విచారిస్తే దగ్గర్లోని ఒక తోటది అని తేలింది. అక్కడి కాపలా మనిషి ఉన్నమాట చెప్పాడు. "అది మొరగదమ్మా. ఎవలొచ్చినా సప్పుడు చెయ్యది. దొంగొచ్చినా సూస్తది, అంతే. సారు వద్దన్నడు, ఇడిసిపెట్టినం." ఈ జాతి ఎక్కువగా మొరగదు. వేటలో చూసి పరుగెత్తడమే దాని పని కాని, అరిచి పిలవడం కాదు. ఆ సంగతి తెలియక కాపలాకని తెచ్చి, మొరగలేదని వదిలేశారు. తప్పు ఎవరిదంటారు?

మావారు "వారం రోజులు చూద్దాం, ఈలోపు ఎవరైనా అడిగితే ఇచ్చేద్దాం" అన్నారు. మా అమ్మాయి అప్పటికే దానికి 'లేడి' అని పేరు పెట్టేసింది. కాళ్ళు చూసి లేడి అంది కాని, వినేవాళ్ళందరూ ఇంగ్లీషులో లేడీ అనుకుని "అబ్బో!" అంటారు.

మొదటి పదిహేను రోజులు లేడి మంచం కిందనుంచి బయటకు రాలేదు. గిన్నె శబ్దమైతే ఉలిక్కిపడేది. చీపురు చేత్తో పట్టుకుంటే గోడకు అతుక్కుపోయేది. నేను చేసిందల్లా ఒక్కటే. రోజూ మధ్యాహ్నం ఆ గదిలో నేలమీద కూర్చుని కూరగాయలు తరుక్కునేదాన్ని. పిలవలేదు, చెయ్యి చాపలేదు. పద్దెనిమిదో రోజున వచ్చి నా చీర కుచ్చెళ్ళమీద మూతి పెట్టి పడుకుంది. వదిలేసిన కుక్కను తెచ్చుకునేవాళ్ళకు నేను చెప్పే మొదటిమాట: తొందరపడకండి. ముద్దు చేయడం కూడా దానికి భయమే. అది మీ దగ్గరకు వచ్చేదాకా ఆగండి.

ఆ రోజు జరిగింది

ఇప్పుడు నాకు ఇష్టం లేకపోయినా చెప్పవలసిన సంగతి చెబుతాను.

ఉగాదికి ముందు ఒక ఉదయం. లేడిని నడకకు తీసుకెళ్ళాను. మెడకు మామూలు పట్టీ, కొక్కెం గొలుసు. మలుపు దగ్గర మేకల మంద ఎదురొచ్చింది. వాటిలో ఒక పిల్ల తల్లిని విడిచి చెంగున గంతేసింది. అంతే! లేడి ఒక్కడుగు వెనక్కు వేసి తల వంచింది, పట్టీ ఖాళీగా నా చేతిలో ఉండిపోయింది. నేను "లేడీ!" అని అరిచేలోపు అది మేకపిల్లను చేరింది. అరుపులు దానికి వినపడవండీ ఆ క్షణంలో. పరుగు మొదలైతే ఈ కుక్కకు కళ్ళు తప్ప చెవులుండవు.

మేకపిల్ల సాయంత్రానికి ప్రాణం విడిచింది.

మేకలామె మా వాకిట్లో కూర్చుని ఏడ్చింది. మావారు ధర కట్టి డబ్బు ఇచ్చారు. తీసుకుంది. తీసుకుని, "పైసలిస్తే అయిపాయెనా అక్కా? పాలు తాపి సాదిన" అంది. నేను జవాబు చెప్పలేకపోయాను. ఇవాళ్టికీ చెప్పలేను.

ఆ రాత్రి మావారు అన్నం సగంలో వదిలేశారు. "మనకీ కుక్క వద్దు. ఇవాళ మేకపిల్ల, రేపు ఎవరి కోడో, పిల్లో. ఎవరికైనా ఇచ్చెయ్యి" అన్నారు. ఇచ్చేయడానికి మనిషి కూడా దొరికాడు. ఆ కాపలా మనిషికి తెలిసినవాళ్ళే ఎవరో, రాత్రిపూట పొదల్లో కుందేళ్ళ వేటకు ఇలాంటి కుక్కలు కావాలన్నారట. మంచి ధర కూడా ఇస్తామన్నారట.

నాకు నిద్రపట్టలేదు. కుందేలును వేటాడటం 1972 నాటి వన్యప్రాణి చట్టం ప్రకారం నేరం. అదొక్కటే కాదు. వేటకు పనికొచ్చినన్నాళ్ళు ఉంచుకుని, కాలు విరిగిన రోజున ఏం చేస్తారు? మొరగలేదని ఒకరు వదిలారు, పరుగెత్తిందని మేము వదులుతాం, పరుగెత్తలేదని ఇంకొకరు వదులుతారు. దాని పుట్టుక గుణం అది చూపించింది. కదిలేదాని వెంట పడమని తరతరాలుగా మనిషే ఏరి ఏరి పెంచాడు. ఆ గుణం తెలిసి కూడా మామూలు పట్టీతో రోడ్డుమీదకు తీసుకెళ్ళింది నేను. తప్పు నాది.

తెల్లవారి మావారితో అదే చెప్పాను. "నెల రోజులు గడువివ్వండి. మళ్ళీ ఒక్కటి జరిగినా నేనే మంచి ఇల్లు చూసి పంపిస్తాను, వేటగాళ్ళకు మాత్రం ఇవ్వను" అన్నాను. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత "పట్టీ ఎక్కడ దొరుకుతుందో కనుక్కో" అన్నారు.

పట్టీ, ప్రహరీ, నడక

ఈ కుక్కల తల మెడకంటే సన్నం. మామూలు పట్టీ ఎంత బిగించినా వెనక్కు లాగితే జారిపోతుంది. ఇంకా బిగిస్తే గొంతు నొక్కుకుంటుంది. వీటికోసమే మార్టింగేల్ అనే పట్టీ ఉంది. రెండంగుళాల వెడల్పుంటే మంచిది. కుక్క వెనక్కు లాగినప్పుడు మాత్రం కొంచెం బిగుసుకుంటుంది, మామూలప్పుడు వదులుగా ఉంటుంది. దానితోపాటు ఛాతీకి వేసే జీను కూడా వేసి, గొలుసును రెండింటికీ తగిలించండి. ఒకటి ఊడినా రెండోది ఆపుతుంది. చాలా పొడుగ్గా సాగే తాడు వద్దు. కుక్క వేగం అందుకున్నాక తాడు చివర ఒక్కసారిగా ఆగితే దాని మెడకూ ప్రమాదం, మీ భుజానికీ ప్రమాదం.

ప్రహరీ ఆరడుగులుంటే నిశ్చింత. మాది నాలుగున్నరే ఉండేది, పైన ఇనుప జాలీ వేయించాం. గేటు కింద సందు మూయించాం. గేటు దగ్గర "ముందు కుక్కను చూసుకుని తలుపు తీయండి" అని అట్టమీద రాసి పెట్టింది మా అమ్మాయి.

నడక వేళ మార్చాం. మందలు బయల్దేరకముందే, చీకటితో వెళ్ళి వచ్చేస్తాం. గొలుసు విప్పడం మాత్రం బయట ఎక్కడా లేదు. శామీర్‌పేట చెరువు, జింకల పార్కు వైపు అసలు తీసుకెళ్ళం. ఈ చుట్టుపక్కల పొదల్లో నెమళ్ళు, కుందేళ్ళు ఉంటాయి. ఆ చట్టం మన కుక్కకు తెలియదు, మనకు తెలియాలి. వారానికి రెండుసార్లు తెలిసినవారి గోడ కట్టిన ఖాళీ స్థలంలో వదులుతాం. నాలుగు చుట్లు గాలిలా తిరుగుతుంది. అంతే, అయిదు నిమిషాలకే నాలుక వేలాడేసి వచ్చి పడుకుంటుంది.

ఇక్కడే చాలామందికి తెలియని సంగతొకటి ఉంది. ఇంత పరుగు కుక్క ఇంట్లో మహా బద్ధకపుది. రోజులో ఎక్కువ భాగం నిద్రే. అమెరికాలో మనవాళ్ళు ఉండే ఊళ్ళలో పందెం మానిపించిన గ్రేహౌండ్లను దత్తత తీసుకుని ఇళ్ళలో పెంచుకుంటారు. ఫ్లోరిడాలో 2018లో జనం ఓటు వేసి కుక్కల పందేలు వద్దన్నారు. 2020 చివరికి అక్కడ పందేలు ఆగిపోయాయి. ఆ కుక్కలన్నీ ఇళ్ళలో సోఫాలమీద పడుకోవడానికి ఇట్టే అలవాటు పడతాయని పేరు. అందరి రాతా అంత బాగుండదు. స్పెయిన్‌లో గాల్గో అనే వేటకుక్కలను వేట రోజులు అయిపోగానే వదిలేస్తారు. దేశమేదైనా, పని తీరిన కుక్క కథ ఒక్కటే.

లేడి తిండి

ముందుగా, ఎంత లావుండాలి? వెనకనుంచి రెండు మూడు పక్కటెముకలు లీలగా కనిపిస్తే సరైన బరువే. వెన్నుపూసలు, తుంటి ఎముకలు పొడుచుకొస్తే మాత్రం చిక్కినట్టు. ముధోల్ కుక్క ఎదిగాక సుమారు 70 సెంటీమీటర్ల ఎత్తు, 20 నుంచి 28 కిలోల బరువు ఉంటుంది. ఆడది కాస్త తక్కువ. పక్కింటివాళ్ళ మాట పడలేక లావు చేశారా, ఆ సన్నని కాళ్ళకు భారం.

లేడికి నేను చేసే వంట ఇదిగో. ఒక కప్పు రాగిపిండిని ముందు కాసిని చన్నీళ్ళలో కలిపి, మూడు కప్పుల మరిగే నీళ్ళలో పోసి ఉండకట్టకుండా సంకటిలా ఉడికించాలి. పావుకిలో ఎముకల్లేని కోడిమాంసం, గుప్పెడు గుమ్మడి ముక్కలు విడిగా మెత్తగా ఉడికించి, ఆ నీళ్ళతో సహా కలపాలి. చల్లారాక ఒక గరిటె పెరుగు. ఉప్పు, కారం, మసాలా, ఉల్లి, వెల్లుల్లి ఏమీ వద్దు. వారంలో మూడు రోజులు ఉడికించిన గుడ్డు. ఇది ఒక పూటకు. రెండో పూట డాక్టరు చెప్పిన ఎండు మేత. ఇంటి వంట ఒక్కటే పెడితే సున్నం వంటివి చాలకపోవచ్చు. కాబట్టి మీ పశువైద్యుణ్ణి అడిగి కొలత పెట్టుకోండి. ఎదిగే పిల్లలకు మరీ ముఖ్యం.

పెట్టకూడనివి గుర్తుపెట్టుకోండి: ఉల్లిపాయ, వెల్లుల్లి, ద్రాక్ష, కిస్‌మిస్, చాక్లెట్. వండిన కోడి ఎముకలు విరిగి పేగుల్లో గుచ్చుకుంటాయి. ద్రాక్షతోటలకు పేరున్న మన మేడ్చల్ వైపు ఇది మరీ జాగ్రత్త! పాయసంలో కిస్‌మిస్ కూడా తీసిపారేయాల్సిందే.

ఛాతీ లోతున్న కుక్కలకు పొట్ట ఉబ్బి మెలిపడే జబ్బు వస్తుంది. తిన్నాక గంటకు పైగా పరుగెత్తనివ్వకండి. ఒకేసారి కాక రెండు పూటలుగా పెట్టండి. పొట్ట బిగిసి, వాంతి రాకుండా ఓకరిస్తుంటే ఒక్క క్షణం ఆగకుండా ఆస్పత్రికి పరుగెత్తండి. అది తెల్లారేదాకా ఆగే జబ్బు కాదు.

డాక్టరుకు చెప్పవలసిన మాట

ఆషాఢంలో లేడికి పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించాం. అప్పుడు తెలిసిందే ఈ సంగతి. ఈ జాతుల ఒంట్లో కొవ్వు చాలా తక్కువ. మత్తుమందుల్లో కొన్నింటిని, ముఖ్యంగా థయోపెంటోన్ వంటివాటిని, వీటి కాలేయం మెల్లగా విరుస్తుంది. మామూలు కుక్క గంటలో లేస్తే ఇది గంటల తరబడి లేవదు. ప్రాణంమీదకు కూడా రావచ్చు. వేరే మందులున్నాయి. అందుకే ఏ చిన్న కుట్టుకైనా సరే, "ఇది సైట్‌హౌండ్ జాతి" అని డాక్టరుకు మీరే ముందుగా చెప్పండి. రంగూ రూపూ కలిసిపోయిన సంకరజాతి అయితే వాళ్ళు పోల్చుకోలేకపోవచ్చు. ఆపరేషన్ తర్వాత దుప్పటి కప్పడం మరవకండి. వీటికి ఒళ్ళు తొందరగా చల్లబడుతుంది.

మన హైదరాబాదు చుట్టుపక్కల గోమార్ల వల్ల వచ్చే జ్వరం ఎక్కువ. తిండి మానేసి, చిగుళ్ళు పాలిపోయి, ముక్కునుంచి రక్తం వస్తే వెంటనే రక్తపరీక్ష చేయించాలి. అన్నట్టు, గ్రేహౌండ్లలో ఆరోగ్యంగా ఉన్నప్పుడు కూడా ప్లేట్‌లెట్లు మామూలు కుక్కలకంటే తక్కువే ఉంటాయి. పరీక్ష కాగితం చూసి కంగారుపడకుండా డాక్టరు కుక్కను కూడా చూసి చెప్పాలి.

టీకాలు షరా మామూలే. ఆరు నుంచి ఎనిమిది వారాల వయసులో మొదలుపెట్టి డాక్టరు చెప్పిన లెక్కన వేయించాలి. మూడో నెలలో పిచ్చికుక్క వ్యాధికి టీకా, ఆ తర్వాత ఏటేటా. ఎంత పెంపుడు కుక్కైనా పన్ను దిగితే, పదిహేను నిమిషాలు సబ్బుతో ధారగా కడిగి ఆస్పత్రికి వెళ్ళండి. పసుపు, సున్నం, కారం పెట్టకండి.

చర్మం కాగితంలా పలచన. ముళ్ళకంచె తగిలినా చీరుకుపోతుంది. గట్టి నేలమీద పడుకుంటే మోచేతుల దగ్గర కాయలు కాస్తాయి. పాత చీరలు నాలుగు కలిపి కుట్టిన బొంత చాలు, పరుపు కొననక్కర్లేదు. చలికాలం మా అమ్మాయి పాత స్వెటరు చేతులు కత్తిరించి తొడుగుతాను. ఎండాకాలం పొద్దున్నే ఆరింటికల్లా నడక ముగించాలి.

ఎవరింటికి తగదు?

నిజం చెప్పాలి కదా. కోళ్ళు, కుందేళ్ళు, పిల్లులు ఉన్న ఇంటికి వద్దు. గోడ లేని ఇంటికి వద్దు. దొంగల్ని కరిచే కుక్క కావాలంటే వద్దు. రోజంతా గొలుసుకు కట్టేసి ఉంచుదామంటే అసలే వద్దు. మనిషి గట్టిగా కసిరితేనే ముడుచుకుపోయే సున్నితపు జాతి ఇది. కొట్టి నేర్పుదామంటే నేర్చుకోదు, భయపడటం మాత్రం నేర్చుకుంటుంది.

నెమ్మదస్తులైన ఇంటికి, వృద్ధులున్న ఇంటికి, పదేళ్ళు దాటిన పిల్లలున్న ఇంటికి బాగా సరిపోతుంది. వాసన తక్కువ, వెంట్రుక పొట్టి, అరుపు లేదు. పది పన్నెండేళ్ళ బాధ్యత అని మాత్రం మనసులో పెట్టుకోండి. పదో తరగతి పిల్ల అడిగిందని తెస్తే, ఆ పిల్ల పెళ్ళయి వెళ్ళాక కూడా సాకాల్సింది మీరే!

కొనాలా, దత్తత తీసుకోవాలా?

నా మాట అడిగితే ముందు దత్తతకే చూడండి. 1992లో అమల అక్కినేని గారు ప్రారంభించిన బ్లూక్రాస్ వంటి సంస్థల్లో ఇల్లు కోసం ఎదురుచూసే కుక్కలుంటాయి. జాతివీ, ఊరకుక్కలూ రెండూ. ఎదిగిన కుక్క అయితే దాని గుణం ముందే తెలుస్తుంది, అది లాభమే. కొనేటట్టయితే తల్లికుక్కను చూడకుండా కొనవద్దు. ఎనిమిది వారాలు నిండని పిల్లను అమ్మకూడదని 2017 నాటి కుక్కల పెంపకం నియమాలు చెబుతున్నాయి. ముధోల్ జాతే కావాలనుకుంటే, ముధోల్ దగ్గర తిమ్మాపురంలో కర్ణాటక పశువైద్య విశ్వవిద్యాలయం వారి కుక్కల పరిశోధన కేంద్రం ఉంది.

ఇంకొక్క మాట. ఆకలికీ దప్పికకూ గురయ్యేలా పెంపుడు జంతువును వదిలేయడం 1960 నాటి జంతుహింస నిరోధక చట్టం ప్రకారం నేరం. సాకలేకపోతే సిగ్గుపడకుండా నలుగురికీ చెప్పి మంచి ఇల్లు వెతకండి. రాత్రిపూట చెరువు గట్టున దింపి కారెక్కి వచ్చేయకండి.

మన నన్నయగారి భారతం ఆదిపర్వంలో సరమ కథ గుర్తుందా? ఏ తప్పూ చేయని తన పిల్లను జనమేజయుడి తమ్ముళ్ళు కొట్టారని ఒక తల్లికుక్క నిండుసభలో రాజును నిలదీస్తుంది. అంత పెద్ద గ్రంథం మొదట్లోనే ఒక కుక్క న్యాయం అడుగుతుంది. చిన్నప్పుడు విన్నప్పుడు నవ్వొచ్చింది. ఇప్పుడు రావడం లేదు.

మేకపిల్ల విషయంలో న్యాయం అడగవలసింది మాత్రం మేకలామె. మూడేళ్ళయినా ఆమె మా లేడిని చూస్తే కర్ర పైకెత్తుతుంది. ఆమెను నేను తప్పు పట్టను. నేనే ఇవతలి పక్కకు జరిగి, గొలుసు రెండు చుట్లు చేతికి చుట్టుకుని మంద వెళ్ళేదాకా నిలబడతాను. లేడి ఒళ్ళంతా బిగుసుకుంటుంది, కళ్ళు మందమీదే ఉంటాయి. "లేడీ, పోదాం పా" అంటే ఈమధ్య రెండుసార్లు తల తిప్పి నావంక చూసింది. అయినా గొలుసు వదులు చేయను.

మీ వీధిలోనూ ఇలా బక్కగా, పొడుగు కాళ్ళతో, మొరగకుండా ఒక కుక్క తిరుగుతుంటే రాయి విసరకుండా ఒక్క క్షణం ఆగి చూడండి. ఎవరో తెచ్చి వదిలేసిందే అయ్యుంటుంది. గిన్నెడు నీళ్ళు పెట్టి, దాని సంగతి తెలిసినవాళ్ళకు కబురు చేయండి.

అన్నట్టు, మా వీధి అవ్వ ఇప్పటికీ నా మాట నమ్మలేదు. రోజూ సాయంత్రం కొంగు చాటున ఒక జొన్నరొట్టె ముక్క తెచ్చి గేటు సందులోంచి పెడుతూనే ఉంది. "నువ్వు పెట్టవు గానీ, నేను పెడ్తలే" అంటుంది. లేడి ఆ వేళకు గేటు దగ్గర సిద్ధంగా ఉంటుంది. ఆ ముక్క లెక్కలో వేసుకుని నేను రాత్రి సంకటి కాస్త తగ్గిస్తున్నాను!